వేడి ఒక్కటే చూస్తే చాలదు

చిరంజీవులకు,

పెద్దమ్మ ఆశీస్సులు. దూరంగా ఉన్న కంప్యూటర్ వేడెక్కుతోందో లేదో ఎలా తెలుస్తుందని అడిగారు కదా. ఈ పనిలోనే నా జుట్టు నెరిసింది కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

కంప్యూటర్ పక్కనే ఉంటే మన చెవే చెప్పేస్తుంది. ఫ్యాన్ హోరెత్తుతుంది, వెనకనుంచి వేడిగాలి కొడుతుంది. అదే తాళం వేసిన గదిలోనో, ఇంకెక్కడో దూరాన రాత్రింబవళ్లు పనిచేసే మిషన్ అయితే దాని లోపలి సెన్సార్లనే అడగాలి. అవి ప్రాసెసర్ చిప్‌లోనే ఉంటాయి. మదర్‌బోర్డు మీద, గ్రాఫిక్స్ కార్డులో, డిస్కుల్లో కూడా ఉంటాయి. విండోస్‌లాగే కంప్యూటర్‌ను నడిపించే లినక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో సెన్సార్ ఒక చిన్న ఫైలులా కనిపిస్తుంది. తెరిస్తే అందులో 45000 అని ఒక్క అంకె ఉంటుంది, అంతే. మొదటిసారి చూసినవాళ్లు హడలిపోతారు. అది డిగ్రీలో వెయ్యో వంతు లెక్క. అంటే 45 డిగ్రీల సెల్సియస్.

ఫ్యాన్ సంగతి నాకు ఇంకా ఇష్టం. మూడు తీగల ఫ్యాన్‌ను చూడండి. రెండు తీగలు కరెంటుకు, మూడోది కబురు తేవడానికి. ఫ్యాన్ ఒక చుట్టు తిరిగితే ఆ తీగ మీద మామూలుగా రెండు పల్స్‌లు, అంటే రెండు చిన్న కరెంటు తట్లు వస్తాయి. సెకనుకు 40 పల్స్‌లు వచ్చాయంటే 20 చుట్లు, నిమిషానికి 1200. స్క్రీన్ మీద ఆర్‌పీఎం అని కనిపించేది ఇదే. నాలుగో తీగ కూడా ఉంటే, ఎంత వేగంగా తిరగాలో దాని ద్వారా మదర్‌బోర్డు చెబుతుంది.

చాలా ఏళ్ల కిందట నేను ఒక మిషన్‌ను దూరం నుంచి చూసుకునేదాన్ని. వేడి 80 డిగ్రీలు దాటితే మెసేజ్ వచ్చేలా పెట్టాను. వారాల తరబడి ఒక్క మెసేజ్ కూడా రాలేదు. అంతా బాగుందనుకున్నాను. ఒకరోజు తెల్లవారుజామున వరసగా మెసేజ్‌లు వచ్చాయి, నేను లేచి చూసేలోపే మిషన్ ఆగిపోయింది. వెళ్లి విప్పితే ప్రాసెసర్ వేడిని లాగేసే లోహపు దిమ్మె, అదే హీట్‌సింక్, దాని రెక్కల మధ్య దుమ్ము దుప్పటిలా పేరుకుపోయి ఉంది. ఫ్యాన్‌ను వేలితో తిప్పబోతే కదల్లేదు. తర్వాత పాత రికార్డు తీసి చూశాను. మొదట్లో 1100 దగ్గర తిరిగిన ఫ్యాన్, అదే పనికి చివరి రోజుల్లో 2400 దగ్గర తిరిగింది. దుమ్ము పెరిగేకొద్దీ అది మరింత కష్టపడి వేడిని అదుపులో ఉంచింది, చివరికి బేరింగ్ అరిగి ఆగిపోయింది. ఆ వారాలన్నీ ఫ్యాన్ చెబుతూనే ఉంది, నేనే చూడలేదు.

అప్పటినుంచి వేడి, ఫ్యాన్ వేగం, ప్రాసెసర్ మీదున్న పని, ఈ మూడూ ఒకే గ్రాఫ్‌లో చూస్తాను. పనీ వేడీ మారకుండా ఫ్యాన్ వేగం పెరుగుతోందంటే దుమ్మునో, గాలి అడ్డునో అనుమానించాలి. పనీ ఫ్యానూ మారకుండా వేడి పెరిగితే గదిలోనే ఉక్కపోత ఉండొచ్చు, లేదా ప్రాసెసర్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య పూసే థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉండొచ్చు. ఫ్యాన్ సున్నా చూపిస్తే వెంటనే టెన్షన్ పడకండి. కొన్ని గ్రాఫిక్స్ కార్డులు చల్లగా ఉన్నప్పుడు ఫ్యాన్‌ను కావాలనే ఆపేస్తాయి. సున్నా చూపిస్తూ వేడి కూడా ఎక్కుతుంటే మాత్రం పరుగెత్తాల్సిందే. ఇక 127 అనో, మైనస్ 128 అనో కదలకుండా ఉంటే అక్కడ అసలు సెన్సారే తగిలించి ఉండకపోవచ్చు.

వేడి 100 డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా చేరితే చాలా ప్రాసెసర్లు వేగం తగ్గించుకుంటాయి. అప్పటికీ తగ్గకపోతే మిషన్ ఆగిపోతుంది. అందుకే మిషన్ కొత్తగా, శుభ్రంగా ఉన్నప్పుడే ఊరికే ఉంటే ఎంత, పూర్తి పని మీద ఎంత అన్నది రాసి పెట్టుకోండి. తర్వాత పోల్చుకోవడానికి మీకు అదే ఆధారం.

దూరం నుంచి చూడటం పెద్ద పనేం కాదు. లినక్స్ అయితే దూరం నుంచి భద్రంగా లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్‌తో లోపలికి వెళ్లి సెన్సార్స్ అనే కమాండ్ కొడితే చాలు. విండోస్‌లో లిబ్రె హార్డ్‌వేర్ మానిటర్‌ అనే ప్రోగ్రామ్ ఈ అంకెలను బ్రౌజర్‌లో చూపించగలదు. రోజులకొద్దీ రికార్డు కావాలంటే ప్రోమిథియస్ అనే ప్రోగ్రామ్ అంకెలను పోగుచేస్తుంది, గ్రఫానా అనేది వాటిని గ్రాఫ్‌లుగా గీసి చూపిస్తుంది. సర్వర్లలో బీఎంసీ అని విడిగా ఒక బుల్లి కంప్యూటరే ఉంటుంది. అసలు మిషన్ ఆపేసి ఉన్నా, ప్లగ్గులో కరెంటు ఉంటే అది పలుకుతుంది. దాన్ని ఎప్పుడూ నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి పెట్టకండి. దానితో ఎవరైనా మీ సర్వర్‌ను ఆపేయగలరు. దానితోపాటే వచ్చిన పాస్‌వర్డ్ మార్చి, మీవాళ్లు మాత్రమే రాగలిగే రహస్య దారి, అంటే వీపీఎన్ వెనకే ఉంచండి.

హెచ్చరికలు పెట్టేటప్పుడు క్షణంసేపు హద్దు దాటగానే మోగేలా పెట్టొద్దు. ఐదు నిమిషాలు అలాగే ఉంటే మోగాలి, 80 దగ్గర మోగింది 75కు దిగాకే ఆగాలి. లేకపోతే రాత్రంతా మోగి మోగి, మూడో రోజుకు మీరే పట్టించుకోవడం మానేస్తారు. అంకెలు రావడం ఆగిపోతే దానికీ ఒక హెచ్చరిక ఉండాలి. అది వేరే మిషన్ నుంచి రావాలి, ఎందుకంటే వేడెక్కి ఆగిపోయిన మిషన్ తన సంగతి తాను చెప్పలేదు.

ప్రేమతో,
మీ పెద్దమ్మ