హీరో ‘రాముడు మంచి బాలుడు’ అయితే యానిమే చప్పబడుతుందా? అపోహలు - వాస్తవాలు

యానిమేషన్ స్క్రిప్టులు రాసేవాళ్ళకి ఈ మాట అలవాటే: “హీరో మరీ పర్ఫెక్ట్‌గా ఉన్నాడండీ, ఏదో ఒక వీక్‌నెస్ పెట్టండి.” యానిమే (జపాన్ యానిమేషన్) చూస్తూ పెరిగిన కుర్రాళ్ళు టీముల్లోకి వచ్చాక ఇది ఇంకా ఎక్కువైంది. కింద స్పాయిలర్లు ఉన్నాయి, ముందే చెబుతున్నా.

అపోహ: హీరో ఓడడని తెలిసిపోతే ఇక టెన్షన్ ఉండదు.

వాస్తవం: ‘వన్ పంచ్ మ్యాన్’ (2015) ఆ గుట్టు పేరులోనే విప్పేసింది. అందులో హీరో సైతామా ఒక్క గుద్దు గుద్దితే ఎవడైనా పోవాల్సిందే. గెలుస్తాడా లేదా అన్న ప్రశ్న లేదు కాబట్టి వేరే ప్రశ్నలకి చోటు దొరికింది. తొమ్మిదో ఎపిసోడ్ చూడండి. డీప్ సీ కింగ్ అనే రాక్షసుడు షెల్టర్లో దాక్కున్న జనం మీద పడతాడు. సైతామా ఇంకా రాలేదు. సైకిలేసుకుని ముమెన్ రైడర్ వస్తాడు. వట్టి మామూలు మనిషి. గెలవలేనని తనకే బాగా తెలుసు, ఆ మాట అరిచి చెబుతూనే మీదికి పోయి తన్నులు తింటాడు. మన గుండె కొట్టుకునేది అక్కడ.

తర్వాత సైతామా వచ్చి ఒక్క గుద్దుతో ముగిస్తాడు. అసలు సీను దాని తర్వాత ఉంది. గుంపులో ఒకడు, ఒక్క దెబ్బకి చచ్చేవాడిని కూడా ఆపలేకపోయారని మిగతా హీరోల మీద నోరు పారేసుకుంటాడు. సైతామా నవ్వేసి, వాళ్ళు కొట్టి కొట్టి నీరసపెట్టాక తాను చివర్లో వచ్చి పేరు కొట్టేశానని అబద్ధం చెబుతాడు. రాక్షసుడితో రవ్వంత కూడా కష్టపడనివాడు జనం ముందు తన పరువు తానే తీసుకోవాల్సి వచ్చింది. ఆ పని గుద్దుతో అయ్యేది కాదు మరి.

అపోహ: ఒక లోపం తగిలిస్తే పాత్రకి ప్రాణం వస్తుంది.

వాస్తవం: నీళ్ళంటే భయం, దారి మర్చిపోవడం, తిండిపోతుతనం... ఇవన్నీ పైన వేసిన తాలింపు. ‘మాన్‌స్టర్’ (2004)లో డాక్టర్ టెన్మా చెయ్యి తిరిగిన సర్జన్, మనసున్నవాడు. మేయర్‌కి ఆపరేషన్ చెయ్యమని పైవాళ్ళు చెప్పినా, ముందు వచ్చిన పిల్లాడికే చేసి బతికిస్తాడు. తప్పేముంది? ఆ పిల్లాడే పెద్దయ్యి హత్య మీద హత్య చేస్తాడు. 74 ఎపిసోడ్లు నడిచింది ఆ మంచిపని మీదే.

మనకి ఇది కొత్తా? జపాన్, భారత్ కలిసి 1993లో చేసిన రామాయణం యానిమేషన్ సినిమా 2025 జనవరిలో తెలుగు డబ్బింగుతో కూడా థియేటర్లకొచ్చింది. అందులో రాముడికి వంక పెట్టలేం. తండ్రి మాట దగ్గర కాస్త చూసీ చూడనట్టు పోయే రకమైతే అయోధ్యలోనే ఉండిపోయేవాడు, సినిమా అరగంటలో అయిపోయేది.

అపోహ: పర్ఫెక్ట్ హీరో ఎదగడు.

వాస్తవం: బలంలోనే ఎదగాలా? ‘ఫ్రీరెన్’ సిరీస్‌లో వెయ్యేళ్ళు పైబడిన మంత్రగత్తె ఫ్రీరెన్, పదేళ్ళు కలిసి తిరిగిన మనిషి పోయాక, అతని గురించి తనకేమీ తెలియదని ఏడుస్తుంది. అదీ మొదటి ఎపిసోడ్లోనే.

అపోహ: ‘స్వోర్డ్ ఆర్ట్ ఆన్‌లైన్’ని చెడగొట్టింది కిరిటో బలమే.

వాస్తవం: ఆటలో చస్తే నిజంగానే చచ్చే ఆన్‌లైన్ గేమ్‌లో చిక్కుకున్న హీరో కిరిటో. మూడో ఎపిసోడ్లో తన లెవెల్ (ఆటలో బలం) దాచి ఒక చిన్న గిల్డ్‌లో (ఆటగాళ్ళ జట్టులో) చేరతాడు. ఉచ్చులో చిక్కి, ఆ జట్టులోని సాచి అనే అమ్మాయితో సహా అక్కడున్నవాళ్ళంతా చనిపోతారు, బలవంతుడు కాబట్టి ఇతనొక్కడే మిగులుతాడు. ఆ బలమే అతనికి శిక్ష. నా లెక్కలో ఆ సిరీస్‌లో గట్టి ఎపిసోడ్ అదే. విసుగొచ్చేది తర్వాత, చుట్టూ ఉన్నవాళ్ళు అతన్ని మెచ్చుకోడానికే పుట్టినట్టు తయారైనప్పుడు. చాలా ఇసెకాయ్‌లకి (హీరో వేరే లోకంలోకి వెళ్ళిపడే కథలకి) పట్టిన రోగం కూడా ఇదే. స్క్రిప్టు చేతికొస్తే నేను హీరో డైలాగులు వదిలేసి పక్కపాత్రలవి మాత్రమే ఒకసారి చదువుతాను. హీరో భజన తప్ప వాళ్ళకి వేరే గొడవ లేకపోతే స్క్రిప్టు వెనక్కి పంపేస్తాను, హీరో జోలికి పోను.

అపోహ: ఇలాంటి హీరో కామెడీకి అస్సలు పనికిరాడు.

వాస్తవం: 2016లో వచ్చిన సకమోటో సిరీస్‌లో, ఏ పనైనా పర్ఫెక్ట్‌గా చేసే స్కూలు కుర్రాడు సకమోటోని ఏడిపించాలని తోటి కుర్రాళ్ళు టాయిలెట్లో పైనుంచి నీళ్ళు కుమ్మరిస్తే, లోపల గొడుగేసుకుని దర్జాగా ఉంటాడు. మనం నవ్వేది ఆ కుర్రాళ్ళ మొహాలు చూసి.