కంపెనీ వద్దన్న టేపు, డ్యూయేన్ ఆల్‌మన్ రెండో ఇన్నింగ్స్

అమెరికన్ రాక్ గిటారిస్టు డ్యూయేన్ ఆల్‌మన్ పేరెత్తగానే అందరూ 1971 నాటి ఫిల్‌మోర్ ఈస్ట్ లైవ్ ఆల్బమ్ గురించే మాట్లాడతారు. ఆ గిటార్ విన్నాక వేరే మాట రాదు, నిజమే. కానీ సదరన్ రాక్, అంటే అమెరికా దక్షిణాది రాక్ అని మనం పిలిచే ఆ సంగీతం అలా ఎందుకు తయారైందో తెలియాలంటే, అంతకు మూడేళ్ల ముందు లాస్ ఏంజెలిస్‌లో అతనికి తగిలిన దెబ్బ గురించి తెలియాలి.

డ్యూయేన్ 1946లో, తమ్ముడు గ్రెగ్ 1947లో నాష్‌విల్‌లో పుట్టారు. తండ్రి 1949లో హత్యకు గురయ్యాడు. తల్లి జెరాల్డీన్ ఒంటరిగా పెంచింది. తర్వాత ఫ్లోరిడాలోని డేటోనా బీచ్‌కు మారారు. ఇంట్లో గిటార్ ముందు కొనుక్కున్నది తమ్ముడే, అన్న దాన్ని లాక్కుని వదిలేవాడు కాదు.

1967లో వీళ్ల బ్యాండ్ అవర్ గ్లాస్ లాస్ ఏంజెలిస్ వెళ్లి లిబర్టీ రికార్డ్స్‌తో ఒప్పందం చేసుకుంది. అక్కడే కథ అడ్డం తిరిగింది. కంపెనీకి నచ్చింది గ్రెగ్ గొంతు. వెనక గిటార్ ఎవరు వాయిస్తున్నారన్నది వాళ్లకు పెద్ద విషయం కాదు. ఏ పాట పాడాలో, ఏ బట్టలు వేసుకోవాలో, ఎన్ని షోలు చేయాలో కూడా వాళ్లే తేల్చేవారు. రెండు ఆల్బమ్‌లు వచ్చాయి, రెండూ ఆడలేదు. దాంతో 1968 ఏప్రిల్‌లో వీళ్లు అలబామాలోని మజిల్ షోల్స్ వెళ్లి, ఫేమ్ స్టూడియోలో తమకు నచ్చినట్టు బ్లూస్ గాయకుడు బి.బి. కింగ్ పాటల్ని కలిపి ఒక మెడ్లీ రికార్డు చేశారు. లిబర్టీ ఆ టేపు వద్దంది. కొద్ది రోజుల్లోనే బ్యాండ్ చెదిరిపోయింది. కాంట్రాక్టు గొడవ వల్ల గ్రెగ్ లాస్ ఏంజెలిస్‌లోనే చిక్కుకుపోయాడు, డ్యూయేన్ వెనక్కి వచ్చేశాడు. 1972లో డ్యూయేన్ జ్ఞాపకార్థం వేసిన సంకలనంలో మొదటి పాటగా పెట్టింది ఆ మెడ్లీనే. వింటే ఒళ్లు మండుతుంది, ఇంత మంచి వాయిద్యాన్ని ఎలా కాదన్నారా అని.

లాస్ ఏంజెలిస్ కాలం పూర్తిగా వృథా కూడా కాదు. స్లైడ్ గిటార్ అతనికి అప్పుడే పట్టుబడింది. జలుబుతో పడుకున్న అన్నకు పుట్టినరోజని తాజ్ మహల్ అనే బ్లూస్ గాయకుడి రికార్డు, ఒక కోరిసిడిన్ మాత్రల సీసా ఇచ్చానని గ్రెగ్ చెప్పేవాడు. డ్యూయేన్ మాత్రలు బయట పోసేసి, లేబుల్ కడిగేసి, ఆ చిన్న గాజు సీసాను ఉంగరం వేలికి తొడిగి తీగల మీద జరపడం మొదలుపెట్టాడు. చిత్రవీణ విన్నవాళ్లకు ఆ జారుడు వెంటనే తెలుస్తుంది, స్వరం ఒకచోట ఆగి ఇంకోచోటికి గెంతదు, పాకుతూ వెళ్తుంది.

ఫేమ్ యజమాని రిక్ హాల్ మాత్రం ఆ గిటార్‌ను మర్చిపోలేదు. 1968 చివర్లో డ్యూయేన్ అక్కడ సెషన్ గిటారిస్టుగా, అంటే వేరే గాయకుల రికార్డింగులకు వాయించేవాడిగా చేరాడు. నవంబర్‌లో విల్సన్ పికెట్ రికార్డింగ్. హాల్ చెప్పిన ప్రకారం, మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్తే పికెట్, డ్యూయేన్ ఇద్దరూ స్టూడియోలోనే ఉండిపోయారట. ఒకరు నల్లజాతి గాయకుడు, ఇంకొకరు పొడుగు జుట్టు హిప్పీ, ఆ రోజుల్లో అలబామా హోటల్లో ఇద్దర్నీ అందరూ గుచ్చి గుచ్చి చూసేవాళ్లే. ఆ ఖాళీలోనే ‘హే జూడ్’ పాడదామన్నాడు డ్యూయేన్. బీటిల్స్ పాట ఇంకా జోరుగా నడుస్తున్నప్పుడు మనమెందుకని పికెట్, హాల్ ఇద్దరూ వెనకాడారు, అయినా అతను పట్టు వదల్లేదు. పాట చివర్లో పికెట్ కేకలకు సమానంగా ఆ గిటార్ అరుస్తుంది చూడండి, సదరన్ రాక్ పుట్టింది అక్కడేనని అదే సెషన్‌లో గిటార్ వాయించిన జిమ్మీ జాన్సన్ అనేవాడు. నాకూ అదే అనిపిస్తుంది.

ఆ పాట విని అట్లాంటిక్ రికార్డ్స్‌కు చెందిన జెర్రీ వెక్స్‌లర్, ఒకప్పుడు సోల్ గాయకుడు ఓటిస్ రెడ్డింగ్‌కు మేనేజర్‌గా ఉన్న ఫిల్ వాల్డెన్ ముందుకొచ్చారు. ఈసారి డ్యూయేన్ ఎవరి మాటా వినదలుచుకోలేదు. ఇద్దరు డ్రమ్మర్లు, ఇద్దరు గిటారిస్టులు, తను కోరుకున్న బ్యాండ్ అదే. 1969 మార్చిలో ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో అది కుదిరింది, గ్రెగ్‌ను కూడా పిలిపించాడు. అదే ఆల్‌మన్ బ్రదర్స్ బ్యాండ్. డ్రమ్మర్ జైమో నల్లజాతీయుడు. అప్పటి జార్జియాలో, మేకన్ ఊళ్లో, అందరూ ఒకే ఇంట్లో ఉండటం చిన్న విషయం కాదు.

మొదటి రెండు ఆల్బమ్‌లు పెద్దగా అమ్ముడుపోలేదు. ఊరూరా తిరిగి వాయించి, జనాన్ని స్టేజి ముందే సంపాదించుకున్నారు. అందుకే 1971 మార్చిలో న్యూయార్క్ ఫిల్‌మోర్ ఈస్ట్‌లో వాయించింది వాయించినట్టు రికార్డు చేసి, 20 నిమిషాలు దాటిన పాటతో సహా జూలైలో విడుదల చేస్తే ఆ ఆల్బమే వాళ్లను నిలబెట్టింది. అక్టోబర్‌లో గోల్డ్ రికార్డు అయింది. అదే నెల 29న మేకన్‌లో మోటార్‌సైకిల్ ప్రమాదంలో డ్యూయేన్ చనిపోయాడు. 24 ఏళ్లు.

అవర్ గ్లాస్‌లో మిగతావాళ్ల సంగతి ఎవరూ పెద్దగా చెప్పరు. డ్రమ్మర్ జానీ శాండ్లిన్, కీబోర్డ్ వాయించే పాల్ హార్న్స్‌బీ ఇద్దరూ తర్వాత వాల్డెన్ కంపెనీ కాప్రికార్న్‌లో నిర్మాతలయ్యారు. 1973లో ఆల్‌మన్ బ్రదర్స్‌ను అమెరికాలో మొదటి స్థానానికి చేర్చిన ఆల్బమ్‌కు బ్యాండ్‌తో కలిసి పనిచేసిన నిర్మాత శాండ్లినే, మార్షల్ టక్కర్ బ్యాండ్ తొలి ఆల్బమ్‌ల నిర్మాత హార్న్స్‌బీ.