జాజ్ గురించి జనం అనుకునేది, అసలు ఉన్నది

నేను శాక్సఫోన్ వాయిస్తాను, నేర్పిస్తాను. క్లాసుకి వచ్చే పిల్లలైనా, వాళ్లను దింపడానికి వచ్చే పెద్దలైనా జాజ్ గురించి దాదాపు ఒకే రకం మాటలు అంటుంటారు. వాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: జాజ్‌లో రూల్స్ ఉండవు, ఎవరికి తోచింది వాళ్లు వాయిస్తారు.

వాస్తవం: వేదిక మీద అప్పటికప్పుడు అల్లుతారన్నది నిజమే. కానీ దానికో చట్రం ఉంటుంది. బ్లూస్ (నల్లజాతి అమెరికన్ల పాటల రూపం) అయితే సాధారణంగా 12 బార్లు, అంటే నిర్ణీత సంఖ్యలో బీట్లు ఉండే 12 గళ్లు. పాత బ్రాడ్‌వే (న్యూయార్క్ సంగీత నాటకాల) పాటలు ఎక్కువగా 32 బార్లు. వాటిలో కార్డ్స్ (కలిపి మోగించే స్వరాల గుంపులు) ఏ వరసలో మారతాయో బ్యాండులో అందరికీ కంఠతా వచ్చి ఉంటుంది. సోలో వాయించేవాళ్లు ఆ వరస మీదే మళ్లీ మళ్లీ తిరుగుతూ కొత్త మెలడీ కడతారు. కర్ణాటక సంగీతం నేర్చుకుని వచ్చినవాళ్లు "కల్పనస్వరాల్లాంటిదే కదా సార్" అంటారు. తాళం ఆవర్తనం లెక్క వరకు అవును. అక్కడ శ్రుతి, రాగం నిలకడగా ఉంటాయి. ఇక్కడ కార్డ్ మారిపోతూ ఉంటుంది, ఇప్పుడే చక్కగా ఒదిగిన స్వరం తర్వాతి బార్‌లో గుచ్చుకుంటుంది. 1959లో శాక్సఫోన్ కళాకారుడు జాన్ కోల్ట్రేన్ 'జయంట్ స్టెప్స్' రికార్డు చేసినప్పుడు పియానో మీదున్న టామీ ఫ్లానగన్ అంతటివాడు కూడా ఆ వేగానికి సోలోలో తడబడ్డాడు. విడుదలైన రికార్డులోనే అది వినిపిస్తుంది.

అపోహ: గొప్ప జాజ్ కళాకారులు ఎవర్నీ అనుకరించరు, స్ఫూర్తి దానంతట అదే వస్తుంది.

వాస్తవం: నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించే మాట ఇదే. 1936లో కాన్సాస్ సిటీలోని రెనో క్లబ్‌లో ఒక టీనేజ్ కుర్రాడు సోలో మధ్యలో దారి తప్పాడు. డ్రమ్మర్ జో జోన్స్ తన డ్రమ్ సెట్‌లోని సింబల్ (ఇత్తడి పళ్లెం) తీసి అతని కాళ్ల దగ్గరికి విసిరాడు, ఇక దిగిపో అన్నట్టు. ఆ కుర్రాడే తర్వాత శాక్సఫోన్ దిగ్గజమైన చార్లీ పార్కర్. మరుసటి వేసవిలో ఓజార్క్ కొండల్లో ఉద్యోగానికి వెళ్తూ మరో శాక్సఫోన్ కళాకారుడు లెస్టర్ యంగ్ రికార్డులు వెంట తీసుకెళ్లి, ఆ సోలోలను చెవితో విని నేర్చుకున్నాడు. తిరిగొచ్చాక అతని వాయింపే మారిపోయింది. మరి లెస్టర్ ఎవరిని విన్నాడు? ఫ్రాంకీ ట్రంబవర్ అనే శాక్సఫోన్ కళాకారుణ్ణి. ఆ మాట లెస్టరే చెప్పుకునేవాడు. ట్రంబవర్ తెల్లవాడు. రంగును బట్టి వేరు చేసే చట్టాలున్న దేశంలో కూడా చెవులు ఆ గీత దాటాయి.

అందుకే నా క్లాసులో కొత్త సోలో ఏదైనా ముందు నోటితో పాడాలి, తర్వాతే శాక్సఫోన్ ముట్టుకోవాలి. జంట స్వరాల్లో మొదటిది పొడుగ్గా, రెండోది పొట్టిగా పలికే జాజ్ స్వింగ్ లయ కాగితం మీద పట్టుబడదు. "తిశ్ర నడకే (మూడు మూడుగా సాగే లయే) కదా" అంటారు. నెమ్మది పాటల్లో దాదాపు అంతే, కానీ వేగం పెరిగేకొద్దీ ఆ పొడుగు పొట్టి తేడా తగ్గిపోతూ వస్తుంది.

అపోహ: జాజ్ నేరుగా ఆఫ్రికా నుంచి వచ్చింది, నోట్స్ చదవడం రానివాళ్లు పుట్టించారు.

వాస్తవం: పుట్టిల్లు అమెరికా రేవుపట్నం న్యూ ఓర్లీన్స్. 19వ శతాబ్దం మొదట్లో బానిసలుగా ఉన్న ఆఫ్రికన్లు ఆదివారాలు అక్కడి కాంగో స్క్వేర్‌లో చేరి డ్రమ్ములు మోగించి ఆడేవారు. బ్లూస్, చర్చి పాటలు, శవయాత్రల్లో వాయించే బ్రాస్ బ్యాండ్లు, రాగ్‌టైమ్ (తాళం తప్పించి కొట్టే పియానో సంగీతం), క్యూబా నుంచి వచ్చిన హబనేరా లయ అన్నీ ఆ వీధుల్లోనే కలిశాయి. యూరోపియన్ పద్ధతిలో నోట్స్ చదివి వాయించే క్రియోల్ (యూరోపియన్, ఆఫ్రికన్ మిశ్రమ వంశ) కుటుంబాలూ అక్కడే ఉండేవి. 1890ల్లో జాతి వివక్ష చట్టాలు బిగిసేసరికి వాళ్లనీ నల్లవాళ్ల కిందే లెక్కగట్టారు. చదివి వాయించేవాళ్లు, విని వాయించేవాళ్లు ఒకే బ్యాండులోకి రావడానికి అది ఒక కారణం. తొలితరం జాజ్ పియానిస్టు జెల్లీ రోల్ మోర్టన్ క్రియోల్ కుటుంబంవాడే.

అన్నీ కలిశాయి కదా అని అందరి వాటా సమానమనుకోవద్దు. వెన్నెముక నల్లవాళ్లదే. 1917లో వచ్చిన తొలి జాజ్ రికార్డు మాత్రం తెల్లవాళ్ల బ్యాండుది. జాజ్ తొలి పెద్ద పేరైన బడ్డీ బోల్డెన్ వాయించినది ఒక్కటంటే ఒక్క రికార్డు కూడా మనకు మిగల్లేదు.

అపోహ: మత్తుమందు లేనిదే అలా వాయించలేరు.

వాస్తవం: హెరాయిన్ పార్కర్‌ని 34 ఏళ్లకే తినేసింది. క్లిఫర్డ్ బ్రౌన్ దాని జోలికే పోకుండా అద్భుతంగా ట్రంపెట్ వాయించాడు. కోల్ట్రేన్ గొప్ప ఆల్బమ్‌లు చాలావరకు 1957లో అతను ఆ అలవాటు మానేశాక వచ్చినవే.

అపోహ: జాజ్‌కి మూలం మన సంగీతమే.

వాస్తవం: వినడానికి బాగుంటుంది గానీ కాదు. కోల్ట్రేన్ 1961లో 'ఇండియా' వాయించేనాటికే జాజ్‌కి అర్ధ శతాబ్దం దాటింది. రవిశంకర్ మీద గౌరవంతో 1965లో పుట్టిన కొడుక్కి రవి అని పేరు పెట్టుకున్నాడు. కోల్ట్రేన్ భార్య, హార్ప్ కళాకారిణి ఆలిస్ తర్వాత పుట్టపర్తి సత్యసాయి భక్తురాలై, కాలిఫోర్నియాలో ఆశ్రమం నడిపి భజనలు రికార్డు చేసింది. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ 'రిమెంబర్ శక్తి' బ్యాండులో గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ పక్కన వాయించారు. నా చెవికి శ్రీనివాస్ అక్కడ కూడా కర్ణాటక సంగీతమే వాయించారు, గిటారే ఆయన దగ్గరికి నడిచి వచ్చింది.