‘కాపిటల్’ చదవడం: అపోహలు, వాస్తవాలు

మా స్టడీ సర్కిల్‌కి కొత్తగా వచ్చేవాళ్లలో చాలామంది, పెట్టుబడిదారీ వ్యవస్థ ఎలా నడుస్తుందో విప్పిచెప్పే మార్క్స్ ‘కాపిటల్’ ఒకసారి మొదలుపెట్టి పక్కన పడేసినవాళ్లే. ఎక్కడ ఆగిపోయారంటే దాదాపు అందరూ మొదటి అధ్యాయం పేరే చెబుతారు. సరుకుల విలువ గురించి చెబుతూ ఇరవై గజాల నారబట్ట ఒక కోటుకి సమానం అనే దగ్గర బుర్ర వేడెక్కిపోతుంది.

అపోహ: మొదటి పేజీ నుంచి వరసగా చదవాలి.

వాస్తవం: మార్క్సే అలా చెప్పలేదు. 1867లో పుస్తకం వచ్చిన కొన్ని నెలలకే మిత్రుడు కుగెల్‌మన్‌కి ఉత్తరం రాస్తూ, కుగెల్‌మన్ భార్య ముందుగా ఏ అధ్యాయాలు చదవచ్చో సూచించాడు: పనిదినం, సహకారం, శ్రమ విభజన, యంత్రాలు, చివర్లో వచ్చే ఆదిమ సంచయం (పెట్టుబడి మొదట ఎలా పోగుపడిందనే కథ). మేమూ పనిదినంతోనే మొదలుపెడతాం. ఇంగ్లీషు ప్రతుల్లో అది 10వ అధ్యాయం. లండన్‌లో గొప్పింటి ఆడవాళ్ల గౌన్లు కుట్టే ఇరవై ఏళ్ల మేరీ ఆన్ వాక్లీ గురించి అందులో ఉంటుంది. ఒక్కో గదిలో ముప్పై మంది, గాలి సరిగా ఆడదు, ఇరవై ఆరున్నర గంటలు ఏకధాటిగా పని. శుక్రవారం జబ్బుపడి ఆదివారానికి చనిపోయింది. ఇది 1863 నాటి సంగతి. ఈ పేజీలు చదివాక నైట్ షిఫ్టులు చేసేవాళ్లు ఊరికే ఉండరు. ‘గంటలు పెంచితే యజమానికి మిగిలేది ఎక్కణ్నుంచి వస్తుంది?’ అని వాళ్లే అడుగుతారు. అప్పుడు వెనక్కి వెళ్లి అదనపు విలువ, అంటే కూలికి మించి కార్మికుడు సృష్టించే విలువ, గురించిన అధ్యాయాలు తెరిస్తే చకచకా ఎక్కుతుంది.

అపోహ: పరిచయ పుస్తకాలు చదవడం దొంగదారి.

వాస్తవం: మార్క్స్ తనే 1847లో బ్రసెల్స్ కార్మికులకి వేతన శ్రమ, పెట్టుబడి గురించి ఉపన్యాసాలిచ్చాడు. అవి చిన్న పుస్తకంగా దొరుకుతాయి, రెండు సాయంత్రాల్లో అయిపోతుంది. తెలుగులో రంగనాయకమ్మ గారి ‘కాపిటల్’ పరిచయం ఉంది. కాకపోతే ఏ పరిచయంలోనైనా రాసినవాళ్ల తీర్పు కలిసే ఉంటుంది. అందుకే మూలం పక్కన పెట్టుకుని చదవమంటాను. రోజుకి ఒక్క పేజీ సరిచూసుకున్నా తేడా తెలుస్తుంది.

అపోహ: ఇంగ్లీషు బాగా రావాలి.

వాస్తవం: అసలు పుస్తకం జర్మన్‌లో ఉంది. ఇంగ్లీషు ప్రతి వచ్చింది 1887లో, అప్పటికి మార్క్స్ పోయి నాలుగేళ్లు. అదీ అనువాదమే. కాబట్టి ఇంగ్లీషు రాదని వెనకాడక్కర్లేదు.

అపోహ: హెగెల్ చదవకపోతే ముట్టుకోకూడదు.

వాస్తవం: జర్మన్ తత్వవేత్త హెగెల్ తర్కశాస్త్రం తెలియకుండా ఇది పూర్తిగా అర్థం కాదని లెనిన్ తన నోటుపుస్తకాల్లో రాసుకున్న మాట నిజమే. ఆ ‘పూర్తిగా’ని మింగేసి కొత్తవాళ్లని బెదరగొట్టే పెద్దమనుషులంటేనే నాకు ఒళ్లు మంట. 1872లో ఫ్రెంచి అనువాదాన్ని విడి భాగాలుగా వేద్దామని ప్రచురణకర్త అంటే, కార్మికులకి అందుతుంది, నాకు అన్నిటికన్నా అదే ముఖ్యం అని మార్క్స్ సంతోషించాడు. మొదటి అధ్యాయాలు కాస్త కష్టమేనని అదే ఉత్తరంలో ఒప్పుకున్నాడు కూడా.

మా దగ్గర ఒకరు పేరా పైకి చదువుతారు, ఇంకొకరు దాన్ని తమ ఉద్యోగంలోంచి ఉదాహరణతో చెబుతారు. ఉదాహరణ దొరకని వాక్యానికి పెన్సిల్‌తో గీత పెట్టి ముందుకెళ్తాం.