జరిమానా కండొనేషన్ ఫీజు కాదు: ఇంగ్లండ్ బడుల్లో హాజరుపై అపోహలు - వాస్తవాలు

ఇంగ్లండ్‌లోని ఒక ప్రభుత్వ సెకండరీ పాఠశాలలో హాజరు వ్యవహారాలు చూసే ఉద్యోగం నాది. ఉదయం రిజిస్టర్లు సరిచూడటం, రాని పిల్లల ఇళ్లకు ఫోన్లు చేయడం, సెలవు దరఖాస్తులను హెడ్ టీచర్ ముందు పెట్టడం, అవసరమైనప్పుడు కౌన్సిల్‌కు, అంటే స్థానిక ప్రభుత్వ సంస్థకు, వివరాలు పంపడం నా రోజువారీ పని. ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలతో మాట్లాడుతున్నప్పుడు నాకు తరచూ ఎదురయ్యే పోలిక ఒకటుంది. మన దగ్గర కాలేజీలో హాజరు తగ్గితే కండొనేషన్ ఫీజు కట్టి పరీక్షకు కూర్చుంటారు కదా, ఇక్కడ అనుమతి లేకుండా పిల్లలను బడి మాన్పిస్తే తల్లిదండ్రులకు వచ్చే జరిమానా పత్రం, అంటే పెనాల్టీ నోటీసు, కూడా అలాంటిదేనని చాలామంది అనుకుంటారు. కింద రాసిన అపోహల్లో సగం ఈ ఒక్క పోలిక నుంచే పుట్టాయి.

అపోహ: 80 పౌండ్లు కడితే ఆ సెలవు సక్రమమైపోతుంది.

వాస్తవం: కాదు. కండొనేషన్ ఫీజు కడితే హాజరు లోటును మన్నిస్తారు. పెనాల్టీ నోటీసు మొత్తం కట్టినా రిజిస్టర్‌లో ఒక్క అక్షరం కూడా మారదు. అనుమతి లేని విహారయాత్రకు వేసిన ‘జి’ కోడ్ ‘జి’గానే ఉంటుంది, ఆ పూటలన్నీ అనుమతి లేని గైర్హాజరుగానే లెక్కకు వస్తాయి. 1996 విద్యా చట్టం 444వ సెక్షన్ ప్రకారం, బడిలో పేరున్న పిల్లవాడిని క్రమం తప్పకుండా పంపకపోవడం తల్లిదండ్రుల వైపు నుంచి నేరం. ఆ నేరానికి కోర్టుకు వెళ్లే అవసరం లేకుండా తప్పించుకునే అవకాశంగా 2003లో వచ్చిన చట్టం పెనాల్టీ నోటీసును ప్రవేశపెట్టింది. కట్టినవారికి ఆ కాలానికి సంబంధించి ప్రాసిక్యూషన్ ఉండదు, నేర చరిత్ర నమోదు కాదు. కొనుక్కున్నది అంతవరకే.

ఇక లెక్క దగ్గరికి వద్దాం, ఎందుకంటే పొరపాటు పడేది ఇక్కడే. 2024 ఆగస్టు నుంచి ఇంగ్లండ్ అంతటికీ ఒకే పద్ధతి అమలులో ఉంది. మొదటి నోటీసుకు 21 రోజుల్లోపు కడితే 80 పౌండ్లు, ఆ గడువు దాటి 28 రోజుల్లోపు కడితే 160 పౌండ్లు. ఈ మొత్తం కుటుంబానికి కాదు, ఒక్కో పిల్లవాడికి ఒక్కో తల్లి లేదా తండ్రి కట్టవలసింది. ఇద్దరు పిల్లలు, అమ్మానాన్నలు ఇద్దరూ ఉన్న ఇంటికి నాలుగు నోటీసులు వస్తే, వెంటనే కట్టినా 320 పౌండ్లు, ఆలస్యం చేస్తే 640. మొదటి నోటీసు నాటి నుంచి మూడేళ్లలోపు అదే పిల్లవాడి విషయంలో అదే తల్లికో తండ్రికో రెండోసారి నోటీసు వస్తే తగ్గింపు ధర అనేది లేదు, నేరుగా 160. మూడోసారి అసలు నోటీసే ఇవ్వరు. కౌన్సిల్ ప్రాసిక్యూషన్ వంటి ఇతర చర్యలకు వెళుతుంది. కోర్టులో జరిమానా 1,000 పౌండ్ల వరకు, తెలిసీ పంపలేదని రుజువైతే 2,500 పౌండ్ల వరకు, మూడు నెలల వరకు జైలు కూడా ఉండవచ్చు. అంత దూరం వెళ్లేవి చాలా తక్కువ కేసులే. అయినా ‘డిసెంబర్ సెలవుల్లో కొనే ఖరీదైన విమాన టికెట్ల కన్నా జరిమానాయే చవక’ అని లెక్క వేసుకునేవారు ఆ లెక్కను ఒక్క ఏడాదికే వేస్తున్నారు, చట్టం మూడేళ్లకు వేస్తోంది.

ఇలా లెక్క వేసుకునేవారు మన వాళ్లే అనుకోవడం కూడా తప్పే. 2023-24 విద్యా సంవత్సరంలో ఇంగ్లండ్‌లో జారీ అయిన 4.87 లక్షల నోటీసుల్లో 91 శాతం, బడి నడుస్తుండగా విహారయాత్రలకు వెళ్లినందుకు ఇచ్చినవే.

అపోహ: ఆలస్యంగా వచ్చినా వచ్చాడు కదా, అది గైర్హాజరు ఎలా అవుతుంది?

వాస్తవం: అవుతుంది, ఒక గీత దాటితే. ఇక్కడ హాజరును రోజుల్లో కాక పూటల్లో లెక్కిస్తారు. ఉదయం పూట మొదట్లో ఒకసారి, మధ్యాహ్నం పూటలో ఒకసారి రిజిస్టర్ తీసుకుంటారు; బడి నడిచే 190 రోజులకు 380 పూటలు. పూట మొదలైన తరువాత రిజిస్టర్‌ను ఎప్పుడు మూసివేయాలో పాఠశాల ముందుగానే నిర్ణయిస్తుంది, అది అరగంటకు మించకూడదన్నది ప్రభుత్వ మార్గదర్శకం. మూసేలోపు వచ్చిన పిల్లవాడికి ‘ఎల్’ పడుతుంది. ఆలస్యంగానైనా హాజరైనట్టే లెక్క. మూసిన తరువాత సరైన కారణం లేకుండా వస్తే ‘యు’ పడుతుంది. పిల్లవాడు తరగతిలో కూర్చుని పాఠం వింటున్నా ఆ పూటకు అది అనుమతి లేని గైర్హాజరు.

మా దగ్గర రిజిస్టర్ మూసే సమయం 9:15. ఒక వానాకాలపు ఉదయం ఇయర్ 7 (సెకండరీ బడిలో మొదటి తరగతి) పిల్లలు ఇద్దరు ఒకే బస్సు దిగి పరుగున వచ్చారు. ఒకడు రిసెప్షన్‌లోని తెర మీద పేరు నొక్కేటప్పటికి 9:14. రెండోవాడు సగం తెరుచుకున్న బ్యాగులోంచి జారిన పెన్సిళ్ల డబ్బా ఏరుకుని వచ్చేసరికి 9:16. మొదటివాడి చీటీ మీద ‘ఎల్’, రెండోవాడి చీటీ మీద ‘యు’. నాకు బాధగానే అనిపించింది, కానీ గీత అన్నాక ఎక్కడో ఒకచోట ఉండాలి. ఆనాడు బస్సు ఆలస్యంగా నడిచిందని తెలిసి ఉంటే పరిశీలించేవాళ్లం. అలాంటి విషయం ఇంట్లోవాళ్లు ఫోన్ చేసి చెబితేనే మాకు తెలుస్తుంది.

‘యు’ల సంగతి ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. వరుసగా నడిచే ఏ 10 బడి వారాలు తీసుకున్నా అందులో 10 పూటల అనుమతి లేని గైర్హాజరు ఉంటే, నోటీసు ఇవ్వాలా వద్దా అని బడి ఆలోచించి తీరాలి. వారానికి ఒక్క ఉదయం 9:15 దాటినా పది వారాల్లో ఆ పది నిండుతుంది. విహారయాత్రల విషయంలో కాకుండా ఇలాంటి సందర్భాల్లో ముందు కుటుంబానికి సాయం అందించాలని, మార్పు రావలసిన గడువు చెబుతూ ఒక హెచ్చరిక పత్రం ఇవ్వాలని నిబంధనలు చెబుతున్నాయి. కాబట్టి బడి నుంచి సమావేశానికి పిలుపు వస్తే దాన్ని నిందగా తీసుకోకుండా వెళ్లడమే మేలు.

అపోహ: మా వాడి హాజరు 90 శాతం, బాగానే ఉంది.

వాస్తవం: మార్కుల్లో 90 చూసి సంతోషించే అలవాటు మనది. హాజరులో 90 అంటే ఏడాదిలో 19 రోజులు బడికి రాలేదని అర్థం. పది శాతం, అంతకుమించి పూటలు పోయిన పిల్లలను ఇక్కడ ‘నిరంతర గైర్హాజరు’ జాబితాలో చేరుస్తారు. రోజుకు పది నిమిషాల ఆలస్యం కూడా ఏడాదికి దాదాపు 32 గంటలవుతుంది. అంటే ఇంచుమించు ఒక బడి వారం.

అపోహ: నాలుగు రోజులైతే ఎవరూ పట్టించుకోరు.

వాస్తవం: పది పూటలు ఒకే వరుసలో ఉండనవసరం లేదు. సెప్టెంబర్‌లో ఆలస్యంగా తిరిగివచ్చిన మూడు రోజులూ, అక్టోబర్ సెలవులకు ముందు కలుపుకున్న రెండు రోజులూ ఒకే లెక్కలోకి వస్తాయి. ఆ పది వారాలు ఒక టర్మ్ నుంచి మరో టర్మ్‌కు, ఒక విద్యా సంవత్సరం నుంచి మరోదానికి పాకవచ్చు కూడా. పది నిండకముందే నోటీసు ఇచ్చే విచక్షణ కౌన్సిల్‌కు ఉంది.

అపోహ: హెడ్ టీచర్ తలుచుకుంటే సెలవు ఇవ్వగలరు, మనవాళ్లంటే ఇవ్వరు.

వాస్తవం: ఒకప్పుడు ఇంగ్లండ్‌లో కుటుంబ విహారానికి ఏడాదికి పది రోజుల వరకు సెలవు ఇచ్చే వెసులుబాటు హెడ్ టీచర్లకు ఉండేది. 2013 సెప్టెంబర్ నుంచి దాన్ని తొలగించారు. ఇప్పుడు అసాధారణ పరిస్థితి ఉంటేనే సెలవు. విశ్రాంతి, వినోదం కోసం చేసే ప్రయాణం ఆ కోవలోకి రాదని మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. తాతగారి అంత్యక్రియలు, ఇంట్లో ఒకరి ప్రాణం మీదకు వచ్చిన పరిస్థితి వంటివి ఉన్నప్పుడు ఎన్ని రోజులు ఇవ్వాలన్నది హెడ్ టీచర్ నిర్ణయం. దరఖాస్తు ముందుగానే చేయాలి. తిరిగొచ్చాక ఇచ్చే ఉత్తరంతో విహారయాత్ర అనుమతి ఉన్న సెలవుగా మారదు. ‘మిగతా ఏడాదంతా బాగానే వచ్చింది కదా’ అన్న వాదనకు కూడా 2017 ఏప్రిల్ 6న బ్రిటన్ సుప్రీంకోర్టు తెరదించింది. ఐల్ ఆఫ్ వైట్‌కు చెందిన ఒక తండ్రి కేసులో, క్రమం తప్పని హాజరు అంటే పాఠశాల పెట్టిన నియమాల ప్రకారం హాజరు కావడమేనని ఆ తీర్పు చెప్పింది.

అపోహ: జ్వరం అని ఫోన్ చేస్తే చాలు.

వాస్తవం: నిజంగా జ్వరమైతే చాలు. ‘ఐ’ కోడ్ వేస్తారు, అది అనుమతి ఉన్న గైర్హాజరు. ప్రతిసారీ డాక్టర్ ఉత్తరం అడగవలసిన పని లేదు. బడికి సహేతుకమైన అనుమానం ఉన్నప్పుడే ఆధారం అడగాలి. ఆ అనుమానం ఎలా వస్తుందో ఒక ఉదాహరణ చెబుతాను. అమ్మాయికి వాంతులని ఒక తల్లి ఫోన్‌లో చెబుతుండగా, వెనక నుంచి ‘పాత ఇనుప సామాన్లు కొంటాం’ అనే మైకు వినిపించింది. నా పక్కన కూర్చునే సహోద్యోగికి అది ఏదో శబ్దం మాత్రమే. నేను ఒక్క క్షణం ఆగి, ‘ఏ ఊళ్లో ఉన్నారమ్మా?’ అని తెలుగులో అడిగాను. అవతల కాసేపు మౌనం, తరువాత నిజం. అప్పుడు ‘ఐ’ని ‘జి’గా మార్చవలసి వచ్చింది. రిజిస్టర్‌లో ఇలాంటి మార్పు చేసినప్పుడు మొదటి నమోదు చెరిగిపోదు. మొదట ఏముంది, తరువాత ఏమైంది, ఎందుకు, ఎప్పుడు, ఎవరు మార్చారు అన్నవన్నీ నిలిచి ఉంటాయి, ఆ నమోదును ఆరేళ్లు భద్రపరచాలి.

అపోహ: పండుగకు ఎన్ని రోజులైనా మత కారణం కింద సెలవు దొరుకుతుంది.

వాస్తవం: ‘ఆర్’ కోడ్ వర్తించేది మతపరమైన ఆచరణకు ఆ మత సంస్థ ప్రత్యేకంగా కేటాయించిన రోజుకే, ఇంట్లోవాళ్లు ఎంచుకున్న రోజులకు కాదు. దీపావళి నాటి ఒక్క రోజుకూ, సంక్రాంతికి ఊరెళ్లి వారం ఉండటానికీ మధ్య తేడా అదే.

అపోహ: జరిమానా డబ్బు బడికి ఆదాయం.

వాస్తవం: బడికి ఒక్క పెన్నీ రాదు. డబ్బు కౌన్సిల్‌కు వెళుతుంది, ఈ వ్యవస్థ నిర్వహణకూ హాజరు మెరుగుదలకూ వాడతారు, మిగిలితే ప్రభుత్వానికి చేరుతుంది. నోటీసు మీద తల్లిదండ్రులకు అప్పీలు హక్కు కూడా లేదు. కట్టాలి, లేదా కట్టక కోర్టులో వాదించుకోవాలి.

అపోహ: రిసెప్షన్ తరగతి (నాలుగేళ్లు నిండిన పిల్లలు చేరే మొదటి తరగతి) నుంచే ఈ నోటీసులు మొదలు.

వాస్తవం: ఐదేళ్లు నిండిన తరువాత వచ్చే టర్మ్ నుంచే పిల్లలు నిర్బంధ విద్య వయసులోకి వస్తారు, అప్పటివరకు ఈ నోటీసులు వర్తించవు. ఇక్కడ రాసినదంతా ఇంగ్లండ్‌కే. స్కాట్లండ్‌లో ఇలాంటి స్థిర జరిమానా లేదు, వేల్స్ నిబంధనలు వేరు.

అపోహ: ఎన్నాళ్లు వెళ్లినా సీటు ఎక్కడికీ పోదు.

వాస్తవం: అనుమతి లేకుండా వరుసగా 20 బడి రోజులు రాకపోతే, పిల్లవాడు ఎక్కడున్నాడో కనుక్కోవడానికి బడీ కౌన్సిలూ కలిసి తగిన ప్రయత్నం చేసినా ఫలితం లేకపోతే, పేరు తొలగించవచ్చు. మాకు తెలిసిన ఒక కుటుంబం ఫోన్లకూ ఈమెయిళ్లకూ జవాబివ్వకుండా రెండు నెలలకు తిరిగొచ్చింది. పెద్దమ్మాయి తరగతిలో ఖాళీ ఉండటంతో మళ్లీ చేర్చుకున్నారు. చిన్నవాడి సీటు వెయిటింగ్ లిస్టులో ఉన్న మరో పిల్లవాడికి వెళ్లిపోయింది. వాడికి మూడు మైళ్ల అవతలి బడిలో చోటు దొరికింది. ఇప్పుడు ఆ తల్లి ఉదయం ముందు అక్కడ వాడిని దింపి, తరువాత మా గేటు దగ్గరికి వస్తుంది. అమ్మాయి చీటీ మీద చాలా రోజులు ‘ఎల్’ ఉంటుంది, ట్రాఫిక్ ఎక్కువైన రోజు ‘యు’.