గొంతు గురించి అపోహలు – వాస్తవాలు: పాట నేర్చుకునేవారికీ నేర్పేవారికీ

పిల్లల్ని సంగీతంలో చేర్పించడానికి వచ్చే తల్లిదండ్రులు ముందు అడిగేది ఒకటే: "మా పాప గొంతు పాటకు పనికొస్తుందాండీ?" వినగానే బాగోలేదనిపించే గొంతుల్లో చాలావాటిని సరైన శ్రుతిలో (అంటే పాటకు ఆధారమైన 'స' ఆ గొంతుకు తగిన ఎత్తులో పెట్టి) పాడిస్తే వారం పది రోజుల్లోనే తేడా తెలుస్తుంది. అందుకే ముందుగా శ్రుతి సంగతి.

అపోహ: ఆడవాళ్ళకు ఐదున్నర, మగవాళ్ళకు ఒకటి. అందరూ అందులోనే పాడాలి.

ఈ అంకెలు హార్మోనియం మెట్లవి: ఒకటి అంటే C తెల్లమెట్టు, రెండు D, ఐదు G, ఐదున్నర అంటే G పక్కనున్న పై నల్లమెట్టు. పదిమందిని కూర్చోబెట్టి ఒకే శ్రుతిపెట్టెతో పాఠం నడపడం సులువు కాబట్టి ఈ లెక్క స్థిరపడింది. నిజానికి శ్రుతి ఎవరిది వారికే చూడాలి. నిద్ర లేచి కనీసం రెండు గంటలయ్యాక హార్మోనియమో కీబోర్డో ముందు పెట్టుకుని, 'ఆ' అంటూ ఒక్కో మెట్టూ కిందికి దిగండి. గరగర లేకుండా, గాలి కలవకుండా నాలుగు లెక్కలు నిలిచిన ఆఖరి స్వరాన్ని మంద్ర పంచమం (కింది స్థాయి 'ప') అనుకోండి. అక్కణ్ణుంచి నల్లమెట్లతో సహా ఐదు మెట్లు ఎక్కితే మీ షడ్జమం ('స'). ఒకమ్మాయికి రెండు శ్రుతి మెట్టు దాకా స్పష్టంగా పలికితే ఆమె షడ్జమం ఐదు.

ఇప్పుడు పైన చూడాలి. తారస్థాయి గాంధారం (పై స్థాయి 'గ') అందుకునేటప్పుడు గడ్డం పైకి లేవకూడదు, మెడ నరాలు తేలకూడదు. తేలితే అర శ్రుతి దించండి. రెండు వారాలు పాడి మళ్ళీ చూసుకోండి. పోటీల కోసం శ్రుతి పెంచడం మాత్రం వద్దు. పైస్వరాలు అందక పిల్లలు సన్నని దొంగగొంతులోకి జారిపోతారు, ఆ అలవాటు మాన్పించడానికి నెలలు పడుతుంది.

అపోహ: శ్రుతిజ్ఞానం పుట్టుకతో రావాల్సిందే.

ఎంత నేర్పినా స్వరాల తేడా చెవికి తెలియనివాళ్ళు ఉంటారు గానీ చాలా అరుదు. మిగతావాళ్ళకు అది సాధనతో వస్తుంది. తరచూ జరిగేదేమిటంటే, నేర్పేది మగవారు, నేర్చుకునేది ఎనిమిదేళ్ళ పాప. ఆయన గొంతు ఒక స్థాయి (స నుంచి పై స దాకా ఉన్నంత దూరం) కింద పలుకుతుంది. పాప ఆ కింది స్వరాన్నే పట్టుకోబోయి, అందక, ఎక్కడో మధ్యలో ఆగిపోతుంది. "శ్రుతి పట్టదు" అన్న ముద్ర అక్కడే పడిపోతుంది. ఆ పాపకు ఇంత అన్యాయం అక్కర్లేదు.

ఇలాంటప్పుడు వరస తిప్పాలి. ముందు పిల్లనే తనకు వచ్చిన స్వరం పాడమనండి. మీరు వాద్యం మీద ఆ స్వరం పట్టుకుని కలపండి. రెండు నాదాలు ఒకటైనప్పుడు ఎలా ఉంటుందో చెవికి తెలిశాక, ఒక మెట్టు పైకి, ఒక మెట్టు కిందికి కదపండి. తంబురా శబ్దం తన గొంతుకన్నా తక్కువగా ఉండాలి. ఎక్కువైతే దాన్ని మించాలని అరుస్తారు.

మొదటి పాఠాలు మాయామాళవగౌళ రాగంలో కాబట్టి శుద్ధ రిషభం ('స'కు బాగా దగ్గరగా ఉండే 'రి') దగ్గర జాగ్రత్త. కొత్తవాళ్ళు దాన్ని పైకి లాగేస్తారు. సరళీ వరసకు (మొదటి స్వర పాఠానికి) ముందు 'స రి స' మాత్రమే పదిసార్లు పాడించి, ఫోన్‌లో రికార్డు చేసి వినిపించండి. పాడేటప్పుడు తెలియనిది వినేటప్పుడు వాళ్ళకే తెలిసిపోతుంది.

అపోహ: పెరుగు, చల్లనీళ్ళు, ఆవకాయ మానేస్తే గొంతు బాగుపడుతుంది.

మింగినదేదీ స్వరతంత్రుల (గొంతులో కంపించి నాదం పుట్టించే పొరల) మీదుగా పోదు, అన్నవాహికలోకి పోతుంది. తేనె, మిరియాల పాలు, కరక్కాయ కూడా అంతే. కరక్కాయ బుగ్గన పెట్టుకుంటే లాలాజలం ఊరి హాయిగా ఉంటుంది, అంతవరకే. నీటి తడి ఒళ్ళంతా చేరాకే గొంతుకు అందుతుంది కాబట్టి, పాడబోయే ముందు గ్లాసుడు తాగడం కన్నా రోజంతా కొంచెం కొంచెం తాగడం మేలు. ఆవిరి మాత్రం నేరుగా చేరుతుంది. ఆవకాయ కన్నా, రాత్రి ఆలస్యంగా కడుపునిండా తిని వెంటనే పడుకోవడం గురించి పట్టించుకోండి. పుల్లటి తేన్పులతో పైకొచ్చే ఆమ్లం పొద్దుటికి గొంతును బొంగురు చేస్తుంది.

అపోహ: తెల్లవారుజామున నాలుగింటికి లేచి, గంటలకొద్దీ, గట్టిగా పాడితేనే సాధన.

రాత్రంతా పడుకోవడం వల్ల స్వరతంత్రులు కాస్త ఉబ్బి ఉంటాయి, బరువెక్కుతాయి. పొద్దున్నే మంద్రస్థాయి తేలిగ్గా పలకడానికి కారణం అదే. అందుకే ఆ వేళ మంద్ర సాధన మంచిది, తారస్థాయి పాడటం మంచిది కాదు. నాలుగింటికి కుదరనివాళ్ళు ఏడింటికి చేసినా నష్టం లేదు.

ఏకబిగిన రెండు గంటల కన్నా పూటకు ఇరవై నిమిషాల చొప్పున రెండు పూటలు మేలు. మొదటి మూడు నిమిషాలు స్ట్రాతో: సగం గ్లాసు నీళ్ళలో స్ట్రా కొన రెండు సెంటీమీటర్లు ముంచి, 'ఊ' అంటూ స, ప, పై స దాకా వెళ్ళి దిగాలి. బుడగలు ఒకే తీరున రావాలి. తెగుతున్నాయంటే ఊపిరి సమంగా వదలడం లేదన్నమాట. తర్వాత ఐదు నిమిషాలు షడ్జమం నిలపడం, ఆపైన వరసలు మూడు కాలాల్లో (వేగాల్లో). జంట వరసల్లో (ఒక్కో స్వరాన్ని రెండేసిసార్లు పాడే పాఠాల్లో) రెండో స్వరానికి ఇచ్చే ఊతం పొట్ట నుంచి రావాలి. గొంతు బిగించి నొక్కితే రెండు రోజుల్లో నొప్పి మొదలవుతుంది.

అపోహ: గొంతు మారే వయసులో అబ్బాయిలు పాట మానేయాలి.

పన్నెండు, పదిహేనేళ్ళ మధ్య గొంతు దాదాపు ఒక స్థాయి కిందికి దిగుతుంది. మానేసినవాళ్ళలో చాలామంది తిరిగి రారు, అదే అసలు బాధ. రోజూ పది పదిహేను నిమిషాలు, హాయిగా పలికే ఐదారు స్వరాల్లోనే పాడించండి. నెలకోసారి శ్రుతి మళ్ళీ చూడండి. గొంతు చీలినప్పుడు నవ్వకండి, ఇతర పిల్లల్ని నవ్వనివ్వకండి. లయ, స్వరజ్ఞానం, రాగలక్షణాలు నేర్పడానికి ఇది మంచి కాలం.

అపోహ: గొంతు పోతే గుసగుసగా మాట్లాడితే చాలు.

గుసగుసలాడేటప్పుడు చాలామంది గొంతు బిగిస్తారు, దాంతో విశ్రాంతి దక్కదు. మాట్లాడక తప్పకపోతే మామూలు గొంతుతో, మెల్లగా, తక్కువగా మాట్లాడండి. ఊరికే గొంతు సవరించుకోవడం కూడా మానాలి, గుటక వేస్తే సరిపోతుంది. జలుబు తగ్గినా రెండు మూడు వారాలు దాటి బొంగురు వదలకపోతే, కషాయాలతో కాలయాపన చేయకుండా ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. సన్నని కెమెరాతో స్వరతంత్రులను చూస్తారు. అరుపుల వల్ల ఏర్పడే చిన్న కాయలు చాలావరకు ఆపరేషన్ లేకుండా, వాయిస్ థెరపీతో తగ్గుతాయి. డాక్టరు సరేనన్నాక మొదటి వారం స్ట్రా సాధన, మధ్యస్థాయిలో 'మ్' కారం మాత్రమే, పూటకు ఐదు నిమిషాలు. కృతులు ఆ తర్వాత.