మోరల్ పీరియడ్ వెనక కథ

మేం చదివిన తిరుపతి బడిలో శుక్రవారం ఆఖరి పీరియడ్‌కి టైంటేబుల్‌లో ‘నీతి విద్య’ అని రాసుండేది. పదో తరగతికి వచ్చేసరికి ఆ గడి అలాగే ఉంది గానీ, క్లాసులోకి వచ్చేది మాత్రం లెక్కల సారు. త్రికోణమితి మిగిలిపోయిందని ఒక వారం, రివిజన్ అని ఇంకో వారం. ఏడాది మొత్తంలో ఒక్కసారే, సారు సెలవు పెట్టిన రోజు, తెలుగు మేడం వచ్చి సుమతీ పద్యాలు చెప్పించింది.

చదువుల్లో ఇలాంటి వాటికి చోటుండాలని గట్టిగా అడిగిన పెద్దల్లో ఒకాయన చిన్నప్పుడు ఈ ఊళ్లోనే చదువుకున్నాడు. 1888లో తిరుత్తణిలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్‌ను 1896లో తిరుపతిలోని హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషన్ బడిలో వేశారు. ఊరు వెంకన్నది, బడి జర్మన్ క్రైస్తవులది, పిల్లవాడు తెలుగు బ్రాహ్మణుల ఇంటివాడు. నాలుగేళ్లు అక్కడే చదివాడు. 1948లో విశ్వవిద్యాలయ విద్యా కమిషన్‌కు ఆయనే అధ్యక్షుడు. రోజూ క్లాసులకు ముందు కొన్ని నిమిషాలు మౌనంగా కూర్చోబెట్టండి, డిగ్రీ మొదటి ఏడు బుద్ధుడు, క్రీస్తు లాంటి మహనీయుల జీవితాలు చెప్పండి, రెండో ఏడు అన్ని మతాల గ్రంథాల నుంచి అందరికీ చెల్లే భాగాలు చదివించండి అని ఆ కమిషన్ సిఫారసు చేసింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే రాజ్యాంగంలో 28వ అధికరణం రూపుదిద్దుకుంది. పూర్తిగా ప్రభుత్వ సొమ్ముతో నడిచే బడిలో మతబోధ కుదరదు. మతబోధ చేయాలన్న షరతుతో ఏ ధర్మాదాయమో ట్రస్టో పెట్టిన సంస్థకైతే, ప్రభుత్వం నడుపుతున్నా సరే, మినహాయింపు ఉంది. ఇక ప్రభుత్వ గుర్తింపో ఎయిడో ఉన్న బడిలో పిల్లల్ని మతబోధకు కూర్చోబెట్టాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలి. దేవస్థానం బళ్లు, మిషన్ బళ్లు, మున్సిపల్ బళ్లు అన్నీ ఉన్న మా ఊరికి ఈ మూడు క్లాజులూ అవసరమే.

ఆ తర్వాతి కమిటీలు ‘విలువలు’ అనే మాటను ముందుకు తెచ్చాయి. 1959లో శ్రీప్రకాశ కమిటీ, 1964–66లో కొఠారి కమిషన్. వారానికి ఒకటి రెండు పీరియడ్లు కేటాయించమని కొఠారి కమిషన్ చెప్పింది. మా శుక్రవారం గడి మూలం ఇలాంటి సిఫారసుల్లోనే ఉంది. మతాల గురించి తెలియజెప్పడం వేరు, మతబోధ వేరు అని 2002లో, బడి పాఠ్యప్రణాళికపై నడిచిన అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. తీర్పులో ఆ గీత స్పష్టంగానే ఉంది. క్లాసులో అన్నమయ్య కీర్తన నేర్పితే అది సాహిత్యమా, సంగీతమా, భక్తా? నేర్పే టీచరును బట్టే ఉంటుందని నా అనుమానం.

పాత చిత్తూరు జిల్లాలోనే, మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిది ఇంకో దారి. బహుమతితోనో, శిక్షతోనో, పక్కవాడితో పోల్చో పిల్లల్ని మంచివాళ్లను చేయలేమన్నాడాయన. దగ్గర్లోని రిషి వ్యాలీ బడి ఆ ఆలోచనతో నడిచిందే.

సంస్కృతి అన్న మాట కమిటీలన్నిటికీ ఇష్టమే. మరి మే నెలలో మా గంగమ్మ జాతర మాటేమిటి? జాతర వేషాల్లో ఒకటైన ‘తోటి’ వేషం కట్టిన కుర్రాడు ఒంటికి బొగ్గు పూసుకుని, వేపమండలు పట్టుకుని ఎదురొచ్చినవాళ్లని బూతులు తిడతాడు. అది ఆచారం. తిట్లు తిన్నవాళ్లు నవ్వుకుంటూ పోతారు. ఏ నీతి విద్య పుస్తకంలోకీ ఎక్కని సంస్కృతి అది. వేసవి సెలవుల్లో వస్తుంది కాబట్టి బడికి ఇబ్బంది తప్పింది.

2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం విద్యార్థుల నైతిక విలువల సలహాదారుగా ప్రవచనకర్త చాగంటి కోటేశ్వరరావును నియమించింది. ఆ వార్త చూశాక మా అక్క కొడుకుని అడిగాను, మీ మోరల్ పీరియడ్‌కి ఇప్పుడు కూడా లెక్కల సారేనా వస్తున్నాడని.

“లేదు పిన్నమ్మా, ఫిజిక్స్ సారు.”